పెంకు దాచని నిజం

చీమను ఏనుగు చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ముందే ఒప్పుకుంటున్నాను, సగం కొట్టేసి చదువుకోండి.

రియాద్‌లో ఒక ల్యాబులో నా పని గుడ్డు పెంకులు ఒలవడం. లోపలి పొర తీసి, ఆరబెట్టి, పొడి చేసి గాజు గొట్టంలో పోసిస్తే, ఏనుగంత మిషను ఆ గుడ్డుకు రేడియేషన్ పెట్టారో లేదో చెప్పేది. క్రిములు చావాలని కొందరు పెడతారు. సొన ఏమన్నా పెంకు అబద్ధమాడదు. ఊరి చివర సులైలో, పనివాళ్లుండే మా క్యాంపుకు వచ్చాక మాత్రం, ఆ మిషనును కనిపెట్టిందే నేనన్నట్టు మాట్లాడేవాణ్ణి. తెల్లసొన నీళ్లలా పారితే రేడియేషన్ గుడ్డే, మిషనెందుకు, నా కళ్లు చాలవా అనేవాణ్ణి.

మెస్సులో వంట చేసే అన్నది జగిత్యాల వైపు. ఆయన పోసే ఆమ్లెట్టు పరిస్తే మూడొందల కిలోమీటర్ల అవతలి హుఫూఫ్ దాకా వచ్చేది. అవి నితాఖత్ రోజులు, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్న చట్టం. మమ్మల్ని పనికి తెచ్చిన కంపెనీ ఆ లెక్క తప్పి ఎరుపు జాబితాలో పడింది, పైగా బయటి దేశపు పనివాడి తలకింతని లెవీ కట్టాలి. ఎవరిని ఇంటికి పంపాలా అని క్యాంప్ బాస్ సాకులు వెతుకుతున్నాడు. అది నాకూ తెలుసు.

ఒక శుక్రవారం పొద్దున అన్న గుడ్డు కొడితే సొన పెనమంతా పారింది. నేను వేలు ముంచి, కళ్లు మూసి, ఇవి రేడియేషన్ గుడ్లని తీర్పు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. అందరూ పళ్లేలు వదిలి లేచారు.

అన్న నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "తమ్మీ, ఎండల వ్యాన్ల ఉన్న గుడ్లు గిట్లనే పల్చగైతయి. జర నువ్వే చెప్పు ఆళ్లకు. నీ మాటైతే ఇంటరు."

నేను చెప్పలేదు. రేడియేషన్ పెట్టినా అది విషం కాదన్న ముక్క కూడా చెప్పలేదు. నా గొప్ప పోతుందని.

క్యాంప్ బాస్‌కు సాకు దొరికింది. చెడ్డ గుడ్లు కొన్నాడని రాసి అన్న పేరు ఇంటికి పంపే ఎగ్జిట్ లిస్టులో చేర్చాడు. మర్నాడు ఆ పెంకులే ల్యాబుకు తీసుకెళ్లి పరీక్ష చేయించాను. రేడియేషన్ జాడే లేదు. కాగితం తెచ్చి చూపిస్తే, లిస్టు పైకి వెళ్లిపోయిందన్నాడు బాస్.

బస్సెక్కేటప్పుడు అన్న నా భుజం తట్టాడు. "పోనియ్ తమ్మీ, నవ్వియ్యనీకే అన్నవ్ గద."

మిషను ఏనుగంత కాదు, బల్లంత ఉండేది. ఆమ్లెట్టు పళ్లెం దాటేది కాదు. అవి పెంచాను. కల్పించింది మాత్రం ఒక్కటే, ఆ చివరి మాట. అన్న నా వైపు చూడకుండానే బస్సెక్కాడు.