చిలుకలకు తునికాకు వైద్యం

1964 ఎండాకాలంలో, ధర్మపురి దగ్గరి ఒక పల్లెలో, చీర అంచు మీది చిలుకలు ఏడవసాగాయి.

నేసింది దశరథం. నేత సంఘం ఆ ఊరికి ఇచ్చిన ఒకే ఒక్క జకార్డు పెట్టె అతని మగ్గం నెత్తిన ఉండేది. చిల్లుల అట్టలు దండలా దాని మీదుగా తిరిగేవి. అట్టకో వరుస, చిల్లున్న చోట పెట్టెలోని కొక్కెం లేచి పోగులను ఎత్తేది. అట్ట అన్నదే అంచు మీద పూసేది. కాని చిలుక కంటి కొక్కెం మొండికేసింది. లేచిందంటే మరో మూడు అట్టలు దాటేదాకా దిగదు. నాలుగు వరుసల కన్ను ఏడు వరుసలై బుగ్గ మీదికి జారింది.

సంఘం మేనేజరు రాజయ్య చీరను ఎండకు పట్టి చూశాడు.

"పెండ్లిపిల్లకు ఏడ్చే చిలుకలు కట్టవెడ్తవా దశరథం? మల్ల గిట్లనే వస్తే పెట్టె ఇంకో ఊరికి పోతది."

తప్పు పెట్టెదన్నా వినలేదు. విప్పి చూపుదామంటే దానికి సీసపు ముద్ర. హైదరాబాదు మెకానిక్కు తప్ప ఎవరూ ముట్టరాదు. ఆ పెట్టె వచ్చాకే దశరథం కలల్లోకి పక్షులు వచ్చాయి. అది పోతే మళ్ళీ ఉత్త గళ్ళ తువ్వాళ్ళే.

గడపలో బీడీలు చుడుతున్న అతని భార్య రామవ్వ చాలాసేపు ఆ కొక్కెం చప్పుడు విన్నది.

"దానికి దిగ బద్ధకం. నాలుగుమాట్లు లెవ్వమని ఎందుకు చెప్తవు? ఒక్కపారి చెప్పు. కడమ మూడు అదే నిలవడ్తది."

ముద్ర పెట్టెకే గాని అట్టలకు లేదు. దశరథం రామవ్వ బీడీలు చుట్టే తునికాకును ముక్కలుగా చింపి, పడుగుకు పెట్టే గంజితో కంటి చిల్లులు నాలుగింటిలో మూడు మూసేశాడు. చిలుకలు కళ్ళు తుడుచుకున్నాయి. ఇప్పుడు చెయ్యి కుదిరిందని రాజయ్య మెచ్చుకుంటే, దశరథం నవ్వు కనపడకుండా తల వంచాడు.

వానలు పడ్డాక మెకానిక్కు వచ్చాడు. పాత కొక్కెం తీసి, కొత్తది వేసి, మళ్ళీ ముద్ర కొట్టాడు. రాజయ్య జానెడు నేయించి చూశాడు. కొత్త కొక్కెం మాట వినేది; ఒక్కసారి లేవమంటే ఒక్కసారే లేచింది. అంచు పొడుగునా చిలుకలు కునుకు తీస్తున్నాయి.

"పెట్టె మంచిగైంది. ఇగ తప్పు నీ చేతిదే" అన్నాడు రాజయ్య.

సంఘం అట్టలకు ఆకులు అంటించానంటే ఆ పూటే పెట్టె బండెక్కుతుంది.

"కొత్త కొక్కెం గద సారూ, చిలుకలు జర బెదిరి కండ్లు మూసుకున్నయి. మొఖం కడుగుత."

దశరథం తడిగుడ్డతో మగ్గం వెనక్కు పోయి, దుమ్ము దులుపుతున్నట్టు అట్టలు తుడిచాడు. మరో జానెడు దిగేసరికి చిలుకలు గుండ్రంగా చూస్తున్నాయి. పెట్టె ఇక్కడే ఉండనిమ్మని చెప్పి రాజయ్య సైకిలెక్కాడు.

మెకానిక్కు వంగి, నేల మీది ఆకుముక్కను ఏరి, గంజి అంటిన వైపు వేలితో రాశాడు. కొక్కేన్ని చూశాడు, దశరథాన్ని చూశాడు. ముక్కను జేబులో వేసుకుని రామవ్వ వైపు తిరిగాడు.

"ఒక బీడీ ఇస్తవా అక్కా?"