పాస్టరమ్మ అని దిద్దిన తప్పు

1955. నాంపల్లి స్టేషన్ ఎదుటి గల్లీలో ఒక చిన్న ప్రెస్సు. అందులో నేను కంపోజిటర్‌ని. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి వరుసలు పేర్చడం నా పని. నా తెలుగు మీద నాకు కాస్త పొగరుండేది. ఎవరి రాతప్రతి వచ్చినా, అడగకపోయినా సరే, దిద్దందే వదిలేవాణ్ణి కాదు.

ఒకనాడు రూతమ్మ గారని, ఆబిడ్స్ చర్చిలో పనిచేసే ఆమె, ఒక పేజీ అర్జీ తెచ్చారు. ఆమె బైబిల్ స్త్రీ, అంటే ఊరూరా తిరిగి వాక్యం చెప్పే మనిషి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. ఆమె మాట విని చర్చిలో చేరినవాళ్లకు బాప్తిస్మం ఇవ్వడానికి మాత్రం పట్నం నుంచి మగ పాస్టరు రావాల్సిందే. ఆడవాళ్లకు గురుపట్టం ఇవ్వరు. తనకది ఇచ్చి పాస్టరుగా నియమించమని ఆ అర్జీ. ఏడాదికొక్కసారి జరిగే చర్చి పెద్దల సభ మర్నాడు మధ్యాహ్నమే. వచ్చినవాళ్లందరికీ పంచాలి.

తొందరలో ప్రూఫ్ తీయలేదు. అచ్చుకు ముందు తప్పులు చూసుకునే నమూనా కాగితమే ప్రూఫ్. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను మీద అన్నీ వేసేసి కట్ట కట్టాను. మర్నాడు పొద్దున ఆమె వచ్చి, పై కాగితం చదివి నవ్వారు. అంతలోనే ముఖం పాలిపోయింది.

“నేను పాస్టరు అని రాసిన గదన్నా. గీడ పాస్టరమ్మ అని ఎట్లొచ్చింది?”

నేనే దిద్దానని గొప్పగా చెప్పాను. డాక్టరమ్మ ఉంది, పంతులమ్మ ఉంది, ఆడమనిషి కాబట్టి పాస్టరమ్మే సరైన మాట అన్నాను.

“డాక్టరమ్మ అంటె దవాఖానల మందిచ్చే ఆమె. పాస్టరమ్మ అంటె పాస్టరు పెండ్లాం. నన్ను పాస్టరుకిచ్చి పెండ్లి చెయ్యమన్నట్టున్నది గిది. సదివి నవ్వుతరు. నవ్వినంక నా మాట ఎవరింటరు?”

సిగ్గుతో చచ్చిపోయాను. మా యజమాని మాత్రం చదవేస్తే ఉన్న మతి పోయిందని ఒక్క మాట అని ఊరుకున్నాడు. అర్జీలో పాస్టరమ్మ అన్న మాట మూడు చోట్ల ఉంది. అక్షరాలు తగ్గితే వరుస వదులవుతుంది కాబట్టి మూడు వరుసలూ విప్పి, మళ్లీ పేర్చి బిగించాను. ట్రెడిల్ నేను తొక్కుతుంటే ఆమె తడి కాగితాలు బల్లల మీద ఆరబెట్టారు. కట్ట భుజాన వేసుకుని సభ దాకా నేనే మోశాను.

సాయంత్రం ఆమె మళ్లీ వచ్చారు. గురుపట్టం రాలేదు. కానీ అర్జీ ఆమెతోనే చదివించారట, ఒక్కరూ నవ్వలేదట. బాధపడింది నేనే.

“వచ్చే ఏడు మల్ల అడుగుత. గీ అక్షరాలు ఇప్పకు అన్నా. తారీఖు మార్చితె సాలు.”

పేర్చిన అక్షరాలను అలా కట్టి దాచితే మా భాషలో స్టాండింగ్ అంటాం. అక్షరాలు చాలడం లేదని యజమాని సణుగుతున్నా ఏడాదంతా దాని దుమ్ము తుడుస్తూ కాపాడాను.

1956లో ఆమె రాగానే ఆ కట్టు తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆమె నవ్వి కొత్త రాతప్రతి చేతికిచ్చారు. కింద ఆమె పేరుతో పాటు ఇంకో ఆరుగురు బైబిల్ స్త్రీల సంతకాలున్నాయి. తారీఖు మార్చితే చాలదు, ‘నేను’ ఉన్నచోటల్లా ‘మేము’ రావాలి.

అంత జాగ్రత్తగా దాచిన వరుసలు విప్పుతుంటే ఎంత సంతోషమేసిందో చెప్పలేను. రాసినవాళ్లను అడగకుండా వాళ్ల మాట దిద్దకూడదన్న బుద్ధి అప్పటికే వచ్చింది. ఈసారి ముందుగా ప్రూఫ్ తీసి, ఏడుగురినీ పిలిపించి చూపించాను.