అగ్రఫేనా ఏడవనంది

ప్లతోన్ ఇల్యీచ్ జుబారెవ్ పేరు ఇప్పుడు మాస్కోలో గొప్పగా చెప్పుకుంటారు. నటన అంటే ఏమిటో రష్యాకు నేర్పినవాడట. అననివ్వండి. అలా అనేవాళ్ళెవరూ మా ఊరు కొస్త్రొమాలో అగ్రఫేనా తీఖనోవ్నా పక్కన నిలబడినవాళ్ళు కాదు. నేను నిలబడ్డాను.

నేను ప్రాంప్టర్ని. వేదిక ముందు నేలలో తాబేటి డిప్పలాంటి మూత వేసిన గుంట ఒకటి ఉండేది. అందులో కూర్చుని నటులకు మాటలు అందించేవాణ్ణి. జుబారెవ్ వచ్చీ రాగానే ఆ గుంట మీద పలకలు కొట్టించి, నన్ను తెర లాగే తాడు దగ్గరికి పంపాడు. కాబట్టి ఆయన పక్షాన మాట్లాడతానని ఎవరూ ఆశపడవద్దు. అయితే నా కడుపుమంట ఆ గుంట గురించి కాదు.

అగ్రఫేనా చేపలమ్మేవాడి కూతురు. బజారులో తండ్రి పక్కన నిలబడి అరిచి అరిచి పదునెక్కిన గొంతు ఆమెది. పెళ్ళీడు రాకముందే మా నాటక కంపెనీలో చేరింది. పాత నటులు నేర్పిందే ఆమె విద్య. ప్రేమకు కుడిచేయి ముందుకు చాచాలి, శాపానికి ఎడమచేయి పైకెత్తాలి, చావు కబురు వింటే వెనక్కి తూలి కుర్చీ పట్టుకుని కేక వేయాలి. ఆ కేక పైన చవక సీట్లలో కూర్చున్న వంటమనుషుల దాకా పోయేది. వాళ్ళు ముక్కులు చీదుకోవడం అయ్యేదాకా ఆగి, అప్పుడు తరువాతి మాట ఎత్తుకునేది. పొగరుమోతు. ఇంకొకరికి ఎక్కువ చప్పట్లు పడిన రోజున నా మూత మీద కాలితో ఒక్క తాపు తన్ని మరీ పోయేది. శాలువా మాసి ఉందని దుస్తుల మనిషిని చెంపదెబ్బ కొట్టడం కూడా నేను చూశాను.

ఆమె భర్త వాద్యబృందంలో బాకా ఊదేవాడు. తాగుబోతు. ఒక వసంతంలో నది మీద మంచు కరగగానే పడవెక్కి అస్త్రఖాన్ వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. లీపా అనే కూతురు మిగిలింది. దుస్తుల బుట్టల్లో నిద్రపోతూ, తెర వెనక మా కాళ్ళకు అడ్డంపడుతూ పెరిగిన పిల్ల. బడికి పంపే వయసు రాకముందే, గొంతు మూసుకుపోయే కంఠసర్పి జబ్బు తగిలి చనిపోయింది. పూడ్చిపెట్టి వచ్చిన సాయంత్రమే అగ్రఫేనా హాస్యనాటకంలో పెళ్ళికూతురు వేషం కట్టింది. ఆమె బదులు వేసేవాళ్ళు లేరు మరి. జనాన్ని నవ్వించింది. ఆ తరువాత ఆమె ముందు లీపా పేరు మేమెవరమూ ఎత్తలేదు. ఎత్తవద్దని ఎవరూ చెప్పలేదు కూడా.

ఏళ్ళు గడిచాక జుబారెవ్ దిగాడు.

మాస్కోలో పిండిమిల్లుల యజమాని కొడుకు. చిన్నతనంలో వేసవి విడిదిలో ధాన్యపు కొట్టును నాటకశాల చేసి, అక్కచెల్లెళ్ళ చేత, బండివాళ్ళ చేత వేషాలు వేయించాడట. పెద్దయ్యాక తానే నటుడై, అద్దం ముందు నిలబడి తన మొహంలో అబద్ధం ఎక్కడ దాక్కుందో వెతికేవాడట. తన మొహంలో వెతుక్కుని ఊరుకుంటే అందరమూ బాగుండేవాళ్ళం. తండ్రి పోగానే మిల్లులు తమ్ముడికి వదిలేశాడు. పెద్ద ఊళ్ళో ఓడిపోతే నవ్వుతారని భయపడ్డాడో ఏమో, మా నాటకశాల యజమానురాలిని మాటల్లో పెట్టి, తన ప్రయోగాలు మా మీద మొదలుపెట్టాడు.

పొడగరి, మెత్తని గొంతు. ఎన్నడూ అరవడు. అరిచేవాడైతే మేమూ అరిచి సరిపెట్టుకునేవాళ్ళం.

నాటకం చేతికిచ్చి వేదిక ఎక్కనివ్వలేదు. ఆకురాలు కాలమంతా బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. ఒక్కొక్క వాక్యం దగ్గర ఆపి, ఈ మనిషి ఈ గదిలోకి ఎందుకొచ్చాడు, ఇతనికి ఏం కావాలి, తలుపు తీయకముందు ఎక్కడున్నాడు అని ప్రాణం తోడేసేవాడు.

"జీతం కోసం వచ్చాడండీ," అన్నాడు మా హాస్యనటుడు స్పిరిదోన్.

అందరమూ నవ్వాం. జుబారెవ్ నవ్వలేదు. బుట్టెడు బంగాళాదుంపలు తెప్పించి, వేదిక మధ్యలో కూర్చుని చెక్కు తీయమన్నాడు. మేమంతా చూస్తున్నామన్న సంగతి మరిచిపోయేదాకా తీయాలి. స్పిరిదోన్ మొదట కోతి వేషాలు వేశాడు, తరువాత గొణుక్కున్నాడు, చివరికి నిజంగానే మమ్మల్ని మరిచిపోయి, దుంప మీది మొలకల గుంటలు గిల్లుతూ ఏదో కూనిరాగం తీశాడు. చూడడానికి బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. ఆయన చెప్పేదంతా వట్టి బూటకమైతే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

మంచు పడే వేళకు వేదిక ఎక్కనిచ్చాడు. మిల్లు కాపలావాడి భార్య కథ అది. ఆమె పెల్మెనీలు చేస్తుంటుంది. పిండి వత్తి, మధ్యలో మాంసం కూరి, అంచులు నొక్కుతుంటుంది. పొరుగువాడు వచ్చి, నీ కొడుకు మిల్లు కాలవలో పడి పోయాడమ్మా అంటాడు. అగ్రఫేనా తనకు వచ్చినట్టే చేసింది. తూలింది, కుర్చీ పట్టుకుంది, కేక వేసింది. తాడు దగ్గర నిలబడ్డ నాకే ఒళ్ళు జలదరించింది.

"బాగా అరిచారు," అన్నాడు జుబారెవ్. "ఎవరి కోసం?"

"కొడుకు కోసం."

"కాదు. పైసీట్ల వాళ్ళ కోసం."

"వాళ్ళు ఊరికే వచ్చారా దొరగారూ? వాళ్ళకు వినపడొద్దూ?"

"మీకు వినపడిందా?"

"నాకేం చెవుడా?"

"మీకు చేతులున్నాయి, గొంతుంది. లోపల మాత్రం దీపం లేదు, అగ్రఫేనా తీఖనోవ్నా. ఖాళీ ఇల్లు."

ఆమె మొహం కందిపోయింది. "మా ఇల్లు ఖాళీయో కాదో చూడ్డానికి మిమ్మల్ని ఎవరు పిలిచారు?" అని శాలువా విసిరేసి పోయింది.

ఆ సాయంత్రం స్పిరిదోన్ ఆయనతో కలిసి తాగాడు. లీపా సంగతి వాగింది వాడే.

మరునాడు అందరి ముందూ, అదే మెత్తని గొంతుతో అడిగాడు. "మీ పాప పేరు లీపా కదూ?"

అగ్రఫేనా చేతిలో పిండి ముద్ద అలాగే ఉంది.

"ఆ రోజు మంచం మీద ఏ దుప్పటి వేశారు?"

"ఆ సంగతి మీకెందుకు?"

"నాకు కాదు, ఈ తల్లికి కావాలి. ఇంట్లో అసలు బంగారం పెట్టుకుని, ఒంటికి రంగుకాగితం అంటించుకుని తిరుగుతున్నారు మీరు. ఏ దుప్పటి?"

నోరు మూసుకుని దిగిపోతుందనుకున్నాను. ఎందుకు జవాబిచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. అన్నేళ్ళలో ఆ మాట అడిగినవాడే లేడు, బహుశా అందుకేనేమో.

"చారలది," అంది.

"గదిలో ఏం వాసన?"

"వెనిగర్. గొంతుకు పట్టించమన్నారు."

"పాప చెయ్యి ఎక్కడుంది?"

"నా వేలు..." అని ఆగిపోయింది. అప్పుడొక శబ్దం వచ్చింది ఆమెలోంచి. కేక కాదు. తలుపు సందులో కాలు నలిగిన పిల్లి చేసే శబ్దం లాంటిది. ఆమె బల్ల మీదికి ఒరిగిపోయింది.

జుబారెవ్ వంగి ఆమె చెవిలో అన్నాడు. "అదే. దాన్ని వదలొద్దు. రేపు ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం."

కుర్రనటులు చప్పట్లు కొట్టారు. నేను పెరట్లోకి పోయి మంచులో ఉమ్మాను.

అప్పటినుంచి రోజూ అదే. పొరుగువాడు గడపలోకి రాగానే జుబారెవ్ చిటిక వేసి "దుప్పటి" అనేవాడు. అగ్రఫేనా ఏడ్చేది. మొదట్లో నిజంగా ఏడ్చింది. పోను పోను కన్నీళ్ళు రావడానికి ఆలస్యమైంది. ఆయన ఇంకా లోపలికి తవ్వేవాడు. పిల్ల కడసారి ఏమంది, జుట్టు ఎవరు దువ్వారు, గోళ్ళ రంగు ఎలా ఉంది. చెప్పడానికి ఇక ఏమీ మిగలక, ఒకనాడు ఆమె అబద్ధం కల్పించి చెప్పింది. ఆయన కనిపెట్టి, "ఇది మీది కాదు, ఎక్కడో విన్నది," అన్నాడు.

ఆ ఆదివారం ఆమె స్మశానానికి వెళ్ళింది. తిరిగి నేరుగా నా గదికి వచ్చి, కోటు విప్పకుండానే కూర్చుంది.

"సావేలీ, పిల్ల మొహం రావడం లేదు."

"అదేంటి గ్రూషా?" అన్నాను, ఆమెను నేను పిలిచే ముద్దుపేరుతో.

"సమాధి దగ్గర నిలబడి తలుచుకున్నా. దుప్పటి వచ్చింది, వెనిగర్ వాసనొచ్చింది, వెంటనే ఆ మహానుభావుడి చిటిక వినిపించింది. మొహం కోసం చూస్తే ఆయన గడ్డం కనపడుతోంది."

"కొన్నాళ్ళు పోతే అదే సర్దుకుంటుందిలే."

"ఏం సర్దుకుంటుంది? నాకు మిగిలిందే అదొక్కటి. సబ్బు బిళ్ళలా రోజూ తీసి రుద్దించాడు. అరిగిపోయింది."

ఆమె ఏడవలేదు. పళ్ళు నూరింది.

ప్రదర్శనకు ముందు చివరి రిహార్సల్లో ఆయన చిటిక వేశాడు. ఆమె పెల్మెనీ నొక్కుతూనే ఉంది.

"దుప్పటి," అన్నాడు మళ్ళీ.

"ఏడవను."

"అగ్రఫేనా తీఖనోవ్నా, రేపు ఊరంతా వస్తుంది."

"రానివ్వండి. ఏడవను. అరవను కూడా. మీరు కేక వద్దన్నారు, వేయను. కన్నీళ్ళు నావి, ఇవ్వను. పాత్ర మార్చుకుంటే మార్చుకోండి."

మార్చడానికి వ్యవధి లేదు. ఆయన మొహం పాలిపోయింది. "ఇది ద్రోహం," అన్నాడు. "ద్రోహం అనే మాట మీ నోటికి భలే అమిరింది," అని ఆమె దిగిపోయింది.

మరునాడు తెర లాగింది నేనే. పొరుగువాడు వచ్చి కబురు చెప్పాడు. అగ్రఫేనా తల ఎత్తలేదు. చేతిలో ఉన్న పెల్మెనీ అంచు నొక్కింది. పక్కన పెట్టింది. ఇంకొకటి తీసుకుంది, మాంసం పెట్టింది, నొక్కింది. పొరుగువాడు కంగారుపడి తన మాట మళ్ళీ చెప్పాడు. ఆమె ఇంకొకటి తీసుకుంది. జనంలో దగ్గు కూడా లేదు. పెల్మెనీలు పేర్చే చెక్క మీద చోటు అయిపోయాక, అప్పటికే చేసినవాటిని దగ్గరికి జరిపి, మిగిలిన ఒక్కదానికి చోటు చేసింది. పైసీట్లలో ఎవరో ఆడమనిషి "చాలు తల్లీ, చాలు," అంది. ఆ మాటతో నాటకశాల మొత్తం భోరుమంది.

తెర పడగానే జుబారెవ్ కళ్ళనీళ్ళతో పరుగెత్తుకొచ్చి ఆమె చెయ్యి అందుకున్నాడు.

"దొరికింది. మీకు దొరికింది. దేన్ని తలుచుకున్నారు? చెప్పండి."

"పిండి ఎండిపోతోందని తలుచుకున్నా." చెయ్యి వెనక్కి లాక్కుని, ఆ పిండిచేత్తోనే ఆయన చెంప మీద కొట్టింది. నల్లకోటు మీద తెల్లగా రాలింది. ఆయన తుడుచుకోలేదు. అక్కడే నిలబడి, "పిండి... చేతులు... ముందు చేతులు," అని గొణుక్కుంటున్నాడు. ఆయనకు దెబ్బ తగలనే లేదు. అదే నాకు అన్నిటికంటే అసహ్యమనిపించింది.

ఆ ఏడాది నాటకాలు ముగియగానే అగ్రఫేనా రీబిన్స్క్ వైపు తిరిగే ఒక పాతకాలపు కంపెనీలో చేరిపోయింది. అక్కడ ప్రాంప్టర్ గుంట ఉందని నన్నూ రమ్మంది. వెళ్ళాను. సంతల్లో, కర్ర నాటకశాలల్లో ఆమె మళ్ళీ తూలి, కుర్చీ పట్టుకుని, గుండెలదిరేలా కేకలు వేసింది. జుబారెవ్ మాత్రం మాస్కోకు మకాం మార్చి, నటుడు బాధ కోసం వెతకకూడదని, ముందు చేయాల్సిన పని చేస్తే బాధ దానంతటదే వెనక వస్తుందని బోధించడం మొదలుపెట్టాడు. శిష్యులు పోగయ్యారు. విప్లవం వచ్చి వెళ్ళినా ఆయన బడి నిలిచింది.

మేమిద్దరం ముసలివాళ్ళమై కొస్త్రొమా తిరిగొచ్చి, ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లో ఉంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం చేతికర్ర ఊతంగా జుబారెవ్ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. అగ్రఫేనా కూర్చోమంది. నీళ్ళు కాచే సమోవార్ వెలిగించి, గ్లాసులో టీ పోసి ముందు పెట్టింది. ఒక చెంచాడు చెర్రీ మురబ్బా కూడా వేసింది.

"ఒక్కటి అడిగి పోదామని వచ్చాను," అన్నాడు ఆయన. "ఆనాడు పొరుగువాడు మాట్లాడుతున్నప్పుడు మీ లోపల ఏముంది? పిండి అని మాత్రం చెప్పకండి."

"అందుకా ఇంత దూరం?"

"నటన మీద నేను రాస్తున్న పుస్తకంలో ఆ ఒక్క చోటు తేలడం లేదు."

"క్షమించమని అడుగుతారేమోనని టీ పెట్టాను."

"అది కూడా..."

"కూడానా?" అంది అగ్రఫేనా. గ్లాసు ఆయన ముందు నుంచి తీసి, కిటికీ గట్టు మీద పెట్టింది. "ఏదో ఉంది, ప్లతోన్ ఇల్యీచ్. మీరు చచ్చేదాకా అదేంటో ఆలోచిస్తూ ఉండండి. ఇక వెళ్ళండి."

ఆయన లేచాడు. గడప దగ్గర రబ్బరు జోళ్ళు తొడుక్కోవడానికి వంగలేక చాలాసేపు అవస్థపడ్డాడు. నేను పక్కనే నిలబడి చూశాను. సాయం పట్టలేదు.

ఆయన మెట్లు దిగాక అగ్రఫేనా ఆ టీ తానే తాగింది. నేనుండబట్టలేక అడిగాను. "లీపా మొహం ఎప్పుడైనా..."

"లేదు," అంది. "ఎప్పుడైనా దుస్తుల బుట్టలోంచి నవ్వినట్టు వినిపిస్తుంది. మొహం రాదు."

ఆమె పోయిన తరువాత ఆయన శిష్యులు పూలచక్రం పట్టుకుని వచ్చారు. ఆ పొరుగువాడి ఘట్టం గురించి నాకేమైనా తెలుసా అని అడిగారు. తెలియదన్నాను.