లెన్సుకు అడ్డం పెట్టిన చెయ్యి

బళ్లారిలో కెమెరా కొట్టాయన లెన్సుకు హుడ్ కొనమంటే, ఎండకు అడ్డమని ఒక రేకు గొట్టం కొనడమా అని తేల్చుకోలేక వచ్చేశాను.

మర్నాటి సాయంత్రం గుమ్మఘట్ట దాటాక బస్సు ఆగిపోయింది. దిగి చూస్తే, ఎండిన చెరువులోంచి గొర్రెల మంద పడమరగా పోతోంది. లేచిన దుమ్ములో గొర్రెలు నేలను తాకకుండా తేలిపోతున్నట్టున్నాయి. ఫిల్ములో ఒక్క ఫోటోయే మిగిలింది. ఎదురుగా సూర్యుడు.

బస్సులో నా పక్కన కూర్చున్న కంబళి ముసలాయన కూడా దిగి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మందనే చూస్తున్నాడు.

"తీయవేమప్పా?"

"ఎండ లెన్సులో పడితే ఫోటో వెలిసిపోతుంది."

"అదీ కన్నే గదా," అని నుదుటి మీది చెయ్యి తీసి లెన్సు పైన పట్టాడు. "ఇప్పుడు సూడు."

నొక్కాను.

"ఆ మంద మాదే. గడ్డి కోసరం కన్నడం దిక్కు పోతాండాది. నేనూ ఈడి నుంచే పోతా," అని ఆ దుమ్ములోకి నడిచిపోయాడు.

ఫోటో పైఅంచున నాలుగు వేళ్లు మసకగా పడ్డాయి. కొట్టాయన చూసి, చెడిపోయింది, అందుకే హుడ్ కొనమన్నానన్నాడు. కొన్నాను. ఆ తర్వాత నా ఫోటోల్లో ఎవరి చెయ్యీ పడలేదు.