చెడుగుడుకు గడియారం కట్టిన ఏడాది

నేను మార్కాపురంలో ఒక బడిలో డ్రిల్లు మాస్టరుగా ఉన్న రోజుల్లో, మా తాలూకాలో చెడుగుడు పందెం ఎప్పుడు మొదలవుతుందో చెప్పగలిగేవాళ్ళు ఉండేవారు గాని, ఎప్పుడు ముగుస్తుందో చెప్పగలిగేవాళ్ళు లేరు. మద్రాసు సర్కారు కాలం అది. ఊళ్ళో గడియారాలు వేళ్ళమీద లెక్కపెట్టేన్ని ఉండేవి. అవి ఉన్నవాళ్ళకే తీరిక ఉండేది కాదు.

ఆట సంగతి కాస్త చెప్పాలి. గీత దాటి కూతకు పోయినవాడు అవతలివాణ్ణి తాకి, ఊపిరి తెగకుండా వెనక్కి వస్తే తాకబడినవాడు చచ్చినట్టు. పట్టుబడి అక్కడే కూత ఆగిపోతే పోయినవాడే చచ్చినట్టు. చచ్చినవాళ్ళు గీత పక్కన కూర్చుంటారు. కాని తమవాళ్ళు అవతల ఒకణ్ణి చంపితే, ఇవతల కూర్చున్నవాళ్ళలో ఒకడు బతికి లేస్తాడు. అందుకే మధ్యాహ్నానికి ఒక్కడే మిగిలిన జట్టు పొద్దు వాలేసరికి మళ్ళీ ఏడుగురై నిలబడేది. జనానికి కావలసింది కూడా అదే.

ఏటా చేలు కోసినాక ఊరి బయట బీడులో ఆ పందెం జరిగేది. ఒక జట్టు మార్కాపురం దగ్గరి రైతుల పిల్లలు. పాతికేళ్ళలోపువాళ్ళు, చురుకైనవాళ్ళు. రెండో జట్టు కొనకనమిట్ల వైపు నుంచి వచ్చే గొర్రెల కాపరులు. వాళ్ళ నాయకుడికి నలభై అయిదేళ్ళు పైబడ్డాయి. అందరూ ఆయన్ను మామా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చిన్నప్పటి నుంచి గుట్టమీద నిలబడి గొర్రెలను అదిలించిన గొంతు ఆయనది, కూత ఎత్తుకుంటే తెగేది కాదు. పరుగు లేదు. అవతలివాళ్ళు విసిగిపోయేదాకా తిరుగుతూ, ఎవడో ఒకడు తొందరపడి ముందుకొస్తే చేయి చాచి తాకి వచ్చేవాడు. అలసట వస్తే నడిమధ్య నిలబడి గోచీ విప్పి, తీరిగ్గా దులిపి, మళ్ళీ కట్టుకునేవాడు. మూడేళ్ళు వరసగా ఆ జట్టే గెలిచింది.

నాలుగో ఏడు పందేల కమిటీ అధ్యక్షులవారికి ఆట మరీ సాగుతోందని తోచింది. ఆయన పెద్ద రైతు. పిల్లల జట్టుకు బట్టలూ భోజనాలూ ఆయనవే. అందువల్లనే ఆయనకు అలా తోచిందని అనను, నాకు రుజువు లేదు. పైగా ఆ ఏడు పందెం చూడటానికి ఒక దొర వస్తున్నాడు. నాలుగింటికి వచ్చి, అరగంట కూర్చుని, వెండికప్పు చేతికిచ్చి వెళ్ళిపోతాడని కబురు.

కాలం ఆదా చేయడం ఎలాగో తేల్చడానికి మూడు ఆదివారాలు పట్టింది. కమిటీ అంటే అధ్యక్షులవారు, ఒక వకీలు, నేను. అధ్యక్షులవారు జేబుగడియారాన్ని తీసి చూసేవారు, మూసేవారు. టైమెంతయిందని అడిగితే మళ్ళీ తీసి చూసేవారు. వకీలుగారు ఒక ఆదివారం పూర్తిగా ‘చావు’ అంటే ఏమిటో నిర్వచించడానికే వాడుకున్నారు. చివరికి మూడు రూళ్ళు తేలాయి. చచ్చినవాడు లేవకూడదు. కూతకు పోయినవాడు ముప్పై లెక్కపెట్టేలోగా తిరిగిరావాలి. ఆట మధ్యలో గోచీ సవరించుకోకూడదు. ఇవి ఎవరికి అడ్డో నాకు తెలుసు. అయినా నా దస్తూరీ బాగుంటుందని అధ్యక్షులవారు మెచ్చుకునేసరికి, మురిసిపోయి కాగితంమీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చాను.

ఆ కాగితం పట్టుకుని కొనకనమిట్ల వైపు వెళ్ళినవాణ్ణి కూడా నేనే. మామ మందలో కుంటుతున్న ఒక గొర్రె కాలు చూస్తున్నాడు. చదివి వినిపించాను.

“మరి గోచీ ఊడిపోతే ఎట్ల అయివోరూ?”

“ముందే గట్టిగా కట్టుకోవాల మామా.”

“ఆడోళ్ళు గూడా వస్తారు గదా చూసేదానికి. ఊడినా అట్లే నిలబడాల్నా?”

“రూలు అట్ల ఉంది.”

“సరేలే, గోచీ మా తిప్పలు మేం పడతాం. చచ్చినోడు లేవకపోతే అది ఆట ఎట్లయితాది? అది నిజంగా సావే గదా. ఎవురు రాసినారు ఇది?”

“కమిటీ వాళ్ళు,” అన్నాను.

నేనూ కమిటీయేనని చెప్పలేదు. ఆయన గొర్రెను వదిలి, “వస్తామని అందురికీ జెప్పుకున్నాం. రాకుండా ఎట్ల ఉంటాం?” అన్నాడు.

పందెంనాడు పొద్దున్నుంచే జనం. కనిగిరి దోవన బండ్లు వరసకట్టాయి. హనుమంతునిపాడు నుంచి నడిచి వచ్చినవాళ్ళు నెత్తిన సద్ది మూటలతో బీడంతా నిండిపోయారు. నాలుగయింది. దొర రాలేదు. ఆట నడిపించేవాణ్ణి నేనే కనక కాసేపు ఆగుదామన్నాను.

“టైమంటే టైమే. ఊదవయ్యా బిగిలు,” అన్నారు అధ్యక్షులవారు.

మెడలో వేలాడుతున్న ఈల తీసి ఊదాను. పిల్లల జట్టు మొదటి కూతలోనే ఇద్దర్ని తాకి వచ్చింది. కాపరులు ఒకణ్ణి చంపారు. చచ్చి కూర్చున్నవాళ్ళలో ఒకడు అలవాటుగా లేవబోయాడు. నేను చెయ్యి చూపించి కూర్చోబెట్టాను. జనంలో గొణుగుడు మొదలైంది. తర్వాత మరో ముగ్గురు పోయారు. అప్పుడు మామ కూత ఎత్తుకున్నాడు.

ఆయన మంద చుట్టూ తిరిగినట్టు నెమ్మదిగా తిరిగాడు. నేను లెక్కపెడుతున్నాను. ఇరవై దాటేసరికి అవతల ఇద్దరు కుర్రాళ్ళు మూలకు చేరి దారి లేక నిలబడ్డారు. మామ చేయి చాచాడు. జనమంతా లేచి నిలబడ్డారు. నా లెక్క ముప్పైకి వచ్చింది. ఇంకొక్క క్షణం ఆగితే ఎవరూ అడిగేవాళ్ళు లేరు. కాని అధ్యక్షులవారు గడియారం తెరిచి నావైపే చూస్తున్నారు. ఊదేశాను.

ఆయన చేయి చాచినట్టే ఉంది, కూత ఆగలేదు. ఇంకా అంతసేపటికి సరిపడా ఊపిరి ఉన్నట్టుంది. కాసేపటికి తానే ఆపి నావైపు తిరిగాడు.

“చచ్చినానా అయివోరూ?”

“చచ్చినావు మామా.”

వెళ్ళి తనవాళ్ళ పక్కన కూర్చున్నాడు. మిగిలిన ఒక్కడినీ పట్టేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆట ముగిసింది. చప్పట్లు లేవు. ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ చుట్టూ చూసి, “అయిపోయిందా? నేనింకా సద్ది మూట గూడా ఇప్పలేదే!” అంది గట్టిగా. అధ్యక్షులవారు గడియారం చూసుకుని, ఇంత త్వరగా ఏ తాలూకాలోనూ కాలేదని వకీలుతో అన్నారు.

తర్వాత చాలాసేపటికి దొర కారు వచ్చింది. దిగి, కుర్చీలో కూర్చుని, ఆట మొదలుపెట్టమన్నాడు. అయిపోయిందని వకీలుగారు ఇంగ్లీషులో విన్నవించారు. దొర మొహం చిన్నబోయింది. ఆ సాయంత్రం తనకు వేరే పనేమీ లేదనీ, ఎంతసేపైనా చూస్తాననీ, మళ్ళీ ఆడించమనీ అన్నాడు. అధ్యక్షులవారు చేతులు నలుపుకుంటూ కాపరుల దగ్గరికి పరుగున పోయారు.

“లేవండి, లేవండి! మళ్ళీ ఆడాల.”

మామ కూర్చున్నచోటి నుంచే తలెత్తాడు. “మేం చచ్చినాం గదయ్యా.”

“ఏందిరా నువ్వు, దొరే అడుగుతున్నాడు!”

“చచ్చినోడు లేవగూడదని కాయితం మీద రాసినారు గదా. అయివోరు జదివినాడు. మేం రూలు తప్పితే రేపు మమ్మల్నే అంటారు.”

ఏడుగురూ కదల్లేదు. జనంలోంచి నవ్వు పుట్టి బీడు ఆ చివరిదాకా పాకింది. ఆ రూలు ఎవరు రాశారని దొర అడిగాడు. అధ్యక్షులవారూ, వకీలుగారూ ఒకేసారి నన్ను చూపించారు. నేను నిజంగానే రాశాను కనక కాదనలేకపోయాను. దొర నన్ను ఎగాదిగా చూసి, ఇక చేసేదిలేక లేచి కాలం విలువ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఆయన ఒక్కో వాక్యానికీ వకీలుగారు నాలుగేసి వాక్యాలు తెలుగులో చెప్పారు. ఆట పట్టినదానికి మూడింతలు పట్టింది అది. ముసలమ్మ సద్ది విప్పి, చుట్టుపక్కలవాళ్ళకు కూడా పెట్టి, తిని, చేయి కడుక్కున్నా ఉపన్యాసం కాలేదు. కప్పు అందుకున్న కుర్రాడు గీత పక్క నుంచి పోతూ, “మామా, మేం గెలిచినట్టు లేదు,” అన్నాడు. మామ వాడి భుజం తట్టాడు.

కొన్నాళ్ళకు దొర దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పందెం శ్లాఘనీయమైన వేగంతో నిర్వహించారని అందులో ఉంది. అధ్యక్షులవారు దానికి అద్దం కట్టించారు. మరుసటి ఏడు కాపరులు రాలేదు. వాళ్ళు రాకపోయేసరికి జనమూ రాలేదు. పిల్లల జట్టు తమలో తామే ఆడుకుని, తొందరగానే ముగించి, ఇళ్ళకు పోయారు.

ఆ వేసవిలో పనిమీద కనిగిరి వెళ్ళాను. గొర్రెల సంతలో మామ కనిపించాడు. ఏడాదిగా మనసులో కూర్చుకున్న నాలుగు మాటలు చెప్పుకుందామని దగ్గరికి పోయి నమస్కారం పెట్టాను. కళ్ళు చికిలించి చూశాడు.

“ఎవురూ? టీకాలేసే సారువా?”

“కాదు మామా. డ్రిల్లు మాస్టర్ని. బిగిలు ఊదినోణ్ణి.”

“ఓ, నువ్వా!” అని పగలబడి నవ్వాడు. “బలే ఊదినావు పో. ఇదో, ఈ పొట్టేలు కాళ్ళు పట్టుకో, గిట్టల్లో ముల్లు దిగినాది.”

“మామా, ఆ రూలు రాసింది నేనే. ఆరోజు అడిగితే చెప్పలేదు.”

“తెలుసులే. ఇట్ల గాదు, గట్టిగా పట్టుకో.”

పొట్టేలు తన్నింది. చొక్కా అంతా మట్టయింది. ముల్లు వచ్చేదాకా వదలకుండా పట్టుకుని కూర్చున్నాను. ఒక కాలు అయ్యాక ఆయన రెండోది చూపించాడు.