బావ అన్న మాట లేని డిటెక్టివులు

నేను ఇప్పటికి పదహారు వందల డిటెక్టివ్ నవలలు చదివాను. హంతకుణ్ణి మూడో అధ్యాయంలోనే పట్టేసేవాణ్ణి. మా ఊరి బస్టాండు పక్కన పుస్తకాలు అద్దెకిచ్చే షాపాయన నన్ను చూడగానే లేచి నిలబడి, "మీరు పోలీసుల్లో చేరాల్సింది" అనేవాడు.

నిజానికి చదివినవి రెండు వందలుంటాయి. వాటిలో సగం, చదివిన సంగతి మర్చిపోయి మళ్ళీ చదివినవి. మూడో అధ్యాయంలో పట్టడం మాత్రం అబద్ధం కాదు. అప్పటికి చివరి పేజీ చూసేసేవాణ్ణి. షాపాయన లేచి నిలబడేది నేను తెచ్చిన పుస్తకంలో పేజీల మూలలు మడిచానేమో చూడ్డానికి.

టీవీ సీరియల్‌కి చివరి పేజీ ఉండదు. కానీ అక్కడ ఇంకో దారుంది. పేరున్న నటుడు వచ్చి, రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతే హంతకుడు అతనే. రెండు ముక్కల కోసం అంతటివాడు రాడు కదా. నవలలో బల్ల మీద ఉత్తరం ఉందని రచయిత ఓ మాట అనేసి ముందుకి వెళ్ళిపోతాడు, చూసుకోవడం మన పని. టీవీలో ఆ ఉత్తరాన్ని చూపించి, వెనక వయొలిన్ కూడా వాయిస్తారు. అంత మర్యాద నాకు నచ్చదు.

అయినా చూస్తాను. ఎందుకంటే అమెరికాలో, నోవై అనే ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో నాకున్న ఉద్యోగం అదొక్కటే. మంచు తీద్దామంటే అల్లుడు పార లాక్కుంటాడు. గిన్నెలకి డిష్‌వాషర్ ఉంది. డ్రైవింగ్ సంగతి అడక్కండి. శనివారం మధ్యాహ్నం బేస్‌మెంట్‌లో కూర్చుని, ఇంగ్లీషు డిటెక్టివ్ సీరియల్‌ని మా ఆవిడకి తెలుగులో చెప్పడం నా పని. షాపుల్లో ఆవిడ ఇంగ్లీషు బాగానే నడుస్తుంది. ఆ బంగళాల్లో దొరలు నోట్లో నోట్లో మాట్లాడేది మాత్రం అందదు. నాకూ సగమే అందుతుంది. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది.

ఈ చలికాలం చూసినదాంట్లో ఒక ముసలి జమీందారు సూప్ తాగి చచ్చిపోతాడు. ఆస్తంతా కూతురికి. ఒక రిటైరైన పోస్ట్‌మాస్టర్ హంతకుణ్ణి వెతుకుతుంటాడు. మొదటి భాగంలోనే కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. కూతురు అతన్ని "మై కజిన్" అని పరిచయం చేసింది.

"ఎవరండీ అతను?" అంది మా ఆవిడ, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ.

కజిన్ అంటే బావ కావచ్చు, అన్నయ్య కావచ్చు, తమ్ముడూ కావచ్చు. ఆలోచించుకోవడానికి అర సెకను. ముఖం బుద్ధిమంతుడిలా ఉంది.

"అన్నయ్య. పెదనాన్న కొడుకు" అన్నాను.

అంతే, ఆవిడ అతన్ని అనుమానితుల జాబితాలోంచి తీసేసింది. "పాపం, చెల్లెలికి ఎంత తోడుగా ఉన్నాడో" అని నాలుగు శనివారాలు మెచ్చుకుంది. ఆవిడ అనుమానం డాక్టరు మీద. నాది వంటమనిషి మీద.

ఐదో శనివారం ఆ కుర్రాడు తోటలో మోకాలి మీద కూర్చుని అమ్మాయి వేలికి ఉంగరం తొడిగాడు.

చిక్కుడుకాయ ఆగిపోయింది. "ఏమండీ, అన్నయ్య ఉంగరం తొడగడమేమిటి?"

"వాళ్ళ రాఖీ అలా ఉంటుంది."

"అన్నయ్య కడతాడా?"

"దేశాన్నిబట్టి."

అప్పుడు ముద్దు పెట్టుకున్నారు. ఏ దేశంలోనూ రాఖీకి అంత దూరం వెళ్ళరు. ఖర్మకొద్దీ సరిగ్గా అప్పుడే మా మనవరాలు, పదకొండేళ్ళది, లాండ్రీ బుట్టతో మెట్లు దిగింది.

"ఒసే, ఇలా రా. ఆ అబ్బాయి ఆ పిల్లకి ఏమవుతాడు?"

"కజిన్, అమ్మమ్మా."

"కజిన్ అంటే? బావా, అన్నయ్యా?"

"కజిన్ అంటే కజిన్. దే ఆర్ గెటింగ్ మ్యారీడ్. ఛీ, ఇట్స్ సో గ్రాస్."

"గ్రాస్ ఏమిటే? బావని చేసుకుంటే తప్పేమిటి? మీ తాతయ్య నాకు సొంత మేనత్త కొడుకు."

పిల్ల బుట్ట కింద పెట్టి నా వైపు చూసింది. "తాతయ్యా! యూ ఆర్ హర్ కజిన్?"

మా ఆవిడ పాజ్ నొక్కింది. పెళ్ళయ్యాక మానేసిన పిలుపుని బయటికి తీసింది.

"ఏం బావా, కళ్ళజోడు పెట్టుకున్నవాడు బావ కాకూడదా? నలభై ఆరేళ్ళుగా నా ఎదురుగా ఉన్నదెవరు?"

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

"బావ అని ముందే చెబితే మొదటి వారమే పట్టేదాన్ని. పెళ్ళి చేసుకుంటే ఆస్తి వాడిదే. సూప్‌లో విషం కలిపింది వాడే."

తరవాతి శనివారం పోస్ట్‌మాస్టర్ కూడా అదే చెప్పాడు, గంటసేపు. అప్పుడు నాకో సిద్ధాంతం తట్టింది. ఇంగ్లీషువాళ్ళు డిటెక్టివ్ కథల్లో అంత పేరు తెచ్చుకున్నది బావ అన్న మాట వాళ్ళకి లేకపోవడం వల్లే. తెలుగులో బావ అనగానే సగం కేసు తేలిపోతుంది. ఇది మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నన్ను ఉద్యోగంలోంచి తీసేసి, తరవాతి సీరియల్‌కి మనవరాల్ని పెట్టింది.

మనవరాలు మొదటి పది నిమిషాల్లో చెప్పింది ఇది: "ఆ అంకుల్ ఈ ఆంటీకి చెప్తుంది, షి ఈజ్ లైయింగ్ అని." తరవాత ఫోన్ చూసుకుంది.

మా ఆవిడ కిందనుంచి నన్ను పిలిచింది. నేను మెట్ల మీదే కూర్చుని ఉన్నాను, దూరం నడవాల్సిన పని లేకపోయింది.

"ఒక్క షరతు. తెలియకపోతే తెలియదనండి. కథ మీరు కట్టకండి."

కుర్చీలో సర్దుకునేలోపే తెర మీదికి గొడుగు పట్టుకుని ఒకావిడ వచ్చింది. ఎవరో ఆవిడని "ఆంట్" అన్నారు.

"ఎవరావిడ? పిన్నా, మేనత్తా?"

ముఖం చూస్తే పిన్నిలాగే ఉంది. గొడుగు మేనత్తదిలా ఉంది. గొంతు సవరించుకున్నాను.

"తెలియదు."

ఆ మాట నా నోట రావడం జీవితంలో అదే మొదటిసారి. కాదు, రెండోసారి. మొదటిసారి మా మేనమామ, అంటే మా ఆవిడ నాన్న, "లెక్కల్లో ఎన్నొచ్చాయిరా?" అని అడిగినప్పుడు. తలుపు చాటునుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో నాకు అప్పుడే తెలుసు.

ఈసారి ఆవిడ నవ్వలేదు. చిక్కుడుకాయల గిన్నె మా ఇద్దరి మధ్యకీ జరిపింది.

"మీరూ తీయండి" అంది. "ఆవిడెవరో ఇద్దరం చూద్దాం."