తాగనోళ్ళ లివరు

తిరువూరులో ఎవరింటికి సంబంధం చూడాలన్నా ముందు సుబ్బాయమ్మనే అడుగుతారు. వక్క నములుతూ, వేళ్ళు మడుస్తూ, మూడు తరాల్లో ఎవరు ఎలా పోయారో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ఆవిడ అన్న లివరు క్యాన్సరుతో పోయినప్పుడు మాత్రం ఊరు ఆ ఇంటి మీదే గుసగుసలాడింది: "చాటుగా తాగేవాడేమోలే!" ఆ మాట ఆవిడకి ముల్లులా గుచ్చుకుంది. విజయవాడ వెళ్ళి డాక్టరమ్మ ముందు కూర్చుని తాత, నాన్న, మేనత్త, అన్న అంటూ చుక్క ముట్టకుండానే అదే జబ్బుతో పోయిన నలుగురినీ ఏకరువు పెట్టింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించి, "మీ వంశంలో ఒక జన్యువులో తేడా ఉందమ్మా. తాగకపోయినా లివరుకి ప్రమాదమే. మిగతావాళ్ళనీ తీసుకురండి" అంది.

మామిడితోటలో తమ్ముడు శేషగిరి పకపకా నవ్వాడు. "ఏటా మాలేసుకునే మనిషిని అక్కా! నాకు లివరు జబ్బేంటి?"

"నాన్న కూడా వేసుకున్నాడురా మాల. ఎక్కు బస్సు!"

స్కానింగులో రేగ్గింజంత గడ్డ కనపడింది. కోసి తీసేశారు. ఏడాది తర్వాత మళ్ళీ చూసి, ఏమీ లేదన్నారు.

ఇప్పుడు తోటలో దగ్గరుండి కాయ కోయిస్తున్నది ఆ శేషగిరే. మొన్న బాబాయి కొడుకులు పరీక్షకి రామని మొండికేస్తే తోటంతా వినపడేలా అరిచాడు: "మీరు తాగరని నాకు తెలుసురా! నేనూ తాగను! నోరు మూసుకుని బస్టాండుకి నడవండి. అక్క తువ్వాళ్ళేసి సీట్లు కూడా ఆపింది!"